డిలీట్ బటన్ వెనక ముప్ఫై రోజులు

"ఏవండీ, ఒక్క పేరు తీసేశానండీ. రసీదులన్నీ మాయమైపోయాయి."

ఫోన్‌లో ఆవిడ గొంతు వణుకుతోంది. ఒక సంస్థకు సభ్యుల వివరాలు, వాళ్లు కట్టే చందాలు, వాటి రసీదులు చూసుకోవడానికి నేను ఒక వెబ్ అప్లికేషన్ రాసిచ్చాను. ఆవిడ ఆ ఆఫీసులో రోజంతా దాంతోనే పనిచేస్తారు. ఆ రోజు ఒకే సభ్యుడి పేరు జాబితాలో రెండుసార్లు కనిపించింది. రెండు వరుసలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పేరు అదే, ఇంటిపేరు అదే. పై వరుసలో ఫోన్ నంబరు ఉంది, కింది వరుసలో లేదు. నంబరు లేనిదే పొరపాటు ఎంట్రీ అనుకుని ఆవిడ దాన్ని తీసేశారు. నిజానికి అసలు రికార్డు అదే. ఆరేళ్ల రసీదులు దాని కిందే ఉన్నాయి. నంబరు ఉన్న వరుస రెండు రోజుల కిందట వేరే ఎవరో తెలియక కొత్తగా చేర్చినది.

తీసేసే ముందు నా అప్లికేషన్ అడిగింది: "మీరు నిజంగా తొలగించాలనుకుంటున్నారా?" ఆవిడ ఓకే నొక్కారు. రోజుకు నలభైసార్లు ఎదురయ్యే ప్రశ్నకు ఎవరైనా అదే చేస్తారు. చెయ్యి అలవాటు పడిపోతుంది, కళ్లు చదవడం మానేస్తాయి. అయినా ఆ పెట్టెలో చదవడానికి ఏముంది? ఏ పేరు పోతుందో లేదు, దాంతోపాటు ఇంకేం పోతాయో లేదు. "ఈ సభ్యుడి కింద 71 రసీదులు, 4 స్కాన్ కాపీలు ఉన్నాయి" అన్న ఒక్క వాక్యం అక్కడ ఉండి ఉంటే ఆవిడ ఆగిపోయేవారు. అది రాయడానికి నాకు పది నిమిషాలు పట్టేది. రాయలేదు. ఆ పొరపాటు ఆవిడది కాదు, నాది. ఆ మాట ఆ రోజే ఆవిడకు చెప్పాను. ఇక్కడా చెబుతున్నాను, ఎందుకంటే "యూజర్ తప్పు నొక్కారు" అని రాసి టికెట్ (నమోదైన ఫిర్యాదు) మూసేసే అలవాటు మన వృత్తిలో బాగా పాతుకుపోయింది.

ముందు రోజు రాత్రి తీసిన బ్యాకప్ ఉంది. దాన్ని ఉన్నపళంగా రీస్టోర్ చేస్తే ఆ రోజు కొట్టిన కొత్త రసీదులన్నీ పోతాయి. అందుకని బ్యాకప్‌ను పక్కన వేరే డేటాబేస్‌గా తెరిచాను. పోయిన సభ్యుడి రికార్డును పాత ఐడీతోనే తిరిగి పెట్టి, తర్వాత చిరునామాలు, ఆ తర్వాత రసీదులు, ఆ తర్వాత రసీదుల్లోని పద్దులు, ఇలా ఒక్కో టేబుల్ నుంచి తెచ్చుకున్నాను. ఈ క్రమం తప్పితే ఫారిన్ కీ (ఒక టేబుల్‌లోని వరుసను ఇంకో టేబుల్‌లోని వరుసకు కట్టి ఉంచే లంకె) ఒప్పుకోదు. తెల్లవారుజామున మూడింటికి కూడి చూస్తే లెక్క సరిపోయింది. స్కాన్ కాపీలు మాత్రం రాలేదు. రికార్డు పోగానే డిస్కు మీది ఫైళ్లను కూడా చెరిపేసేలా నేనే కోడ్ రాశాను. ఆ ఫైళ్లకు బ్యాకప్ లేదు. ఆ నాలుగు కాగితాలూ మళ్లీ ఇమ్మని ఆవిడ ఆ సభ్యుణ్ని అడగాల్సి వచ్చింది. వాటిలో ఒకటి ఆయన దగ్గరా లేదు.

అప్పటి నుంచి డిలీట్ గురించి నా అభిప్రాయం మారిపోయింది. వాడేవాళ్లు నొక్కిన వెంటనే ఏదీ పోకూడదు. కొన్నాళ్లపాటు వాళ్లంతట వాళ్లే వెనక్కి తెచ్చుకునే వీలుండాలి. ఆ గడువు తీరాక మాత్రం నిజంగా, ఆనవాలు లేకుండా పోవాలి. ఈ రెండు సగాల్లో ఏది లేకపోయినా ఆ తొలగింపు సురక్షితం కాదు. మొదటిది లేకపోతే ఆఫీసులో పనిచేసేవాళ్లకు అన్యాయం, రెండోది లేకపోతే రికార్డులో ఉన్న మనిషికి అన్యాయం.

కోడ్ ముట్టుకునే ముందు నేనొక పని చేశాను. వారం పాటు డిలీట్ నొక్కినప్పుడల్లా ఎందుకు నొక్కారో ఒక కాగితం మీద రాయమని ఆవిడను అడిగాను. వారం తర్వాత ఆ కాగితం చూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎక్కువసార్లు ఉన్న కారణం "రెండుసార్లు పడింది". ఆ తర్వాత "సభ్యత్వం మానేశారు". కొన్నిచోట్ల "ఇప్పుడే తప్పు టైప్ చేశా". ఒకే ఒక్కచోట "తన వివరాలు మన దగ్గర ఉండొద్దన్నారు".

నాలుగూ నాలుగు వేరువేరు పనులు. నేను ఆవిడకు ఇచ్చింది ఒకే బటన్. రెండుసార్లు పడిన పేరుకు కావలసింది కలపడం: రెండో రికార్డు కింద ఉన్న రసీదులు మొదటిదాని కిందకు చేరాలి, ఫోన్ నంబరు కూడా రావాలి, ఆ తర్వాతే రెండోది పోవాలి. మానేసిన సభ్యుడికి కావలసింది ఒక తేదీ: ఫలానా రోజుతో సభ్యత్వం ముగిసింది. ఆయన కట్టిన చందా కట్టినట్టే ఉండాలి కదా. ఇప్పుడే తప్పు టైప్ చేసిన ఎంట్రీ కింద ఇంకా ఏమీ చేరలేదు కాబట్టి దాన్ని తీసేస్తే ఏ నష్టమూ లేదు. తన వివరాలు ఉంచొద్దన్న మనిషి విషయంలో పేరు, ఫోను, చిరునామా చెరిగిపోవాలి, రసీదు మాత్రం లెక్కల కోసం ఒక నంబరుతో మిగలాలి. "కలుపు" అనే బటన్, "సభ్యత్వం ముగించు" అనే బటన్ పెట్టిన నెలకే డిలీట్ వాడకం బాగా పడిపోయింది. డిలీట్‌కు రక్షణ ఎలా కట్టాలా అని ఆలోచించేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. అది ఎందుకు నొక్కుతున్నారో కనుక్కోండి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

ఇక టేబుళ్ల సంగతి. సభ్యుడి రికార్డు పోతే దాని కింద ఉన్నవన్నీ పోవాలని నేను ఫారిన్ కీకి కాస్కేడ్ పెట్టాను. సౌకర్యంగా ఉందని పెట్టానే తప్ప ఆలోచించి పెట్టలేదు. ఇప్పుడు ప్రతి ఫారిన్ కీ దగ్గరా ఒక ప్రశ్న వేసుకుంటాను: కింద ఉన్నది పైదానిలో భాగమా, లేక దానికంటూ సొంత ఉనికి ఉందా? సభ్యుడి ఫోన్ నంబర్లు ఆయన రికార్డులో భాగం. ఆయన లేకపోతే వాటికి అర్థం లేదు, అక్కడ కాస్కేడ్ సరైనదే. రసీదు అలా కాదు. అది సంస్థ లెక్కలోది, ఇంకెన్నో మొత్తాలు దాని మీద ఆధారపడి ఉంటాయి. అక్కడ రిస్ట్రిక్ట్ ఉండాలి. రసీదు ఉన్నంతవరకు సభ్యుణ్ని తీసేయడానికి డేటాబేసే ఒప్పుకోకూడదు. అప్లికేషన్ కోడ్‌లో రాసే షరతు కన్నా ఈ కాపలా గట్టిది, ఎందుకంటే రేపు ఇంకొకరు రాసే స్క్రిప్టుకు కూడా ఇదే అడ్డుపడుతుంది.

అయితే కాపలా నిజంగా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఫారిన్ కీలు రాసినంత మాత్రాన అమలు కావు. మామూలుగా ఆ తనిఖీ ఆపేసి ఉంటుంది, ప్రతి కనెక్షన్‌లోనూ విడిగా ఆన్ చేయాలి. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్‌లో మరో మెలిక ఉంది. కాస్కేడ్ వల్ల పోయే వరుసలకు ట్రిగ్గర్లు (వరుస మారగానే డేటాబేస్ తనంతట తాను నడిపే కోడ్) పనిచేయవు. ఎవరు ఏం తీసేశారో ట్రిగ్గర్‌తో లాగ్ చేస్తున్నాం కదా అని ధీమాగా ఉంటే, అసలు నష్టం జరిగిన చోటే లాగ్ ఖాళీగా ఉంటుంది.

వెంటనే పోకుండా ఉండటానికి అందరూ చేసేదే నేనూ చేశాను. దాన్ని సాఫ్ట్ డిలీట్ అంటారు. వరుసను తీసేయకుండా దాని మీద ఒక గుర్తు పెడతాం. చాలామంది అవును, కాదు అనే గుర్తు పెడతారు. నేను సమయం పెడతాను, పక్కనే ఎవరు తీసేశారో పెడతాను. సమయం ఉంటేనే గడువు లెక్కపెట్టగలం. తెర మీద "ఈ పేరు తొలగించాం" అని, పక్కనే "వెనక్కి తెచ్చుకోండి" అని కనిపిస్తుంది. అది తప్పినా చెత్తబుట్టలో ముప్ఫై రోజులుంటుంది. మొన్న లాగ్ చూస్తుంటే ఒకచోట 11:42కి తొలగింపు, 11:43కి అదే రికార్డు తిరిగి రావడం కనిపించింది. నాకు ఫోన్ రాలేదు. ఆవిడకు టెన్షన్ లేదు. ఇది వచ్చాక ఆ "నిజంగానా" అనే పెట్టెను మామూలు తొలగింపుల నుంచి పూర్తిగా తీసేశాను. వెనక్కి తేలేని పనులకు మాత్రమే ఉంచాను, అక్కడ కూడా ఓకే నొక్కితే సరిపోదు, తీసేస్తున్న దాని పేరు టైప్ చేయాలి. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో రిపాజిటరీ (ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే చోటు) తీసేసేటప్పుడు దాని పేరు టైప్ చేయమనడం మీరు చూసే ఉంటారు. చెయ్యి చేసే అలవాటుకు అక్కడ బ్రేక్ పడుతుంది.

సాఫ్ట్ డిలీట్ ఊరికే రాదు. గుర్తు పెట్టిన వరుసలు టేబుల్‌లోనే ఉంటాయి కాబట్టి ప్రతి క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) వాటిని వదిలేయాలి. ఒక్క రిపోర్టులో ఆ షరతు మరిచిపోతే తీసేసిన వాళ్లు మళ్లీ లెక్కలోకి వస్తారు. మనిషి జ్ఞాపకం మీద దీన్ని వదిలేయలేం. బతికున్న వరుసలు మాత్రమే చూపించే వ్యూ ఒకటి చేసి, అప్లికేషన్‌కు ఆ వ్యూ మీద మాత్రమే అనుమతి ఇచ్చాను. అసలు టేబుల్‌ను చెత్తబుట్ట పేజీ, గడువు తీరినవి చెరిపేందుకు రాత్రి నడిచే పని తప్ప ఇంకేవీ చూడవు. ఒకే విలువ రెండుసార్లు ఉండకూడదనే యూనిక్ షరతు ఇంకో చిక్కు. ఒక ఈమెయిల్‌తో ఉన్న సభ్యుణ్ని తీసేశాం, అదే ఈమెయిల్‌తో ఆయన మళ్లీ చేరాలంటే "ఇది ఇప్పటికే ఉంది" అంటుంది. ఎవరికీ కనిపించని రికార్డు అడ్డుపడుతోందని వాడేవాళ్లకు ఎలా తెలుస్తుంది? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో తీసేయని వరుసలకు మాత్రమే వర్తించే పార్షియల్ యూనిక్ ఇండెక్స్ (ఇండెక్స్ అంటే త్వరగా వెతకడానికి డేటాబేస్ పెట్టుకునే సూచిక) పెట్టుకోవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో అది లేదు. బతికున్న వరుసకు 1, తీసేసిన వరుసకు నల్ (ఖాళీ విలువ) వచ్చేలా ఒక జనరేటెడ్ కాలమ్ (విలువను డేటాబేసే లెక్కకట్టే కాలమ్) పెట్టి, ఈమెయిల్‌తో కలిపి దాన్ని యూనిక్ చేయాలి. నల్‌లు ఎన్ని ఉన్నా యూనిక్ ఇండెక్స్ పట్టించుకోదు.

వెబ్ వైపు చూడాల్సినవి పాతవే, అయినా ఇప్పటికీ తప్పులు కనిపిస్తూనే ఉంటాయి. డిలీట్ ఎప్పుడూ మామూలు లింకు కాకూడదు. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. పేజీలు వేగంగా తెరుచుకోవాలని, మనం నొక్కకముందే లింకుల్ని అదే వెనక నుంచి తెరిచి ఉంచేది. లాగిన్ అయిన మనిషి పేజీలో ఉన్న "తొలగించు" లింకుల్ని కూడా అలాగే తెరిచింది. వాటి వెనక ఉన్న రికార్డులు ఒక్కొక్కటే పోయాయి. గెట్ రిక్వెస్ట్ అంటే చూడటానికే, దాంతో ఏదీ మారకూడదు అని హెచ్‌టీటీపీ (బ్రౌజరు, సర్వరు మాట్లాడుకునే పద్ధతి) నియమం అప్పటికే ఉంది. దాన్ని పాటించని అప్లికేషన్లు దెబ్బతిన్నాయి. హెచ్‌టీఎంఎల్ ఫారంకు గెట్, పోస్ట్ తప్ప డిలీట్ పద్ధతి తెలియదు కాబట్టి పోస్ట్ వాడండి, దాంతోపాటు సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం మన పేజీ నుంచే వచ్చిందని చూపే రహస్య గుర్తు) పెట్టండి. లేకపోతే వేరే సైటు మన యూజర్ చేత తెలియకుండానే ఆ ఫారం పంపించగలదు.

అనుమతి సంగతి కూడా బటన్ దాచేస్తే తీరేది కాదు. అడ్రస్ బార్‌లో ఐడీ నంబరు ఒకటి మార్చి పంపేవాళ్లు ఉంటారు. అందుకే డేటాబేస్‌కు పంపే తొలగింపు ఆదేశంలోనే ఐడీతో పాటు ఆ రికార్డు ఏ సంస్థదో కూడా షరతుగా పెడతాను. ఇంకో షరతు వెర్షన్ నంబరు. ఆవిడ పేజీ తెరిచి టీ తాగి వచ్చేలోపు వేరొకరు అదే రికార్డుకు కొత్త రసీదు చేర్చి ఉండొచ్చు. రసీదు చేరినప్పుడల్లా సభ్యుడి వెర్షన్ పెరుగుతుంది. ఆవిడ చూసినప్పటి వెర్షన్ ఇప్పుడు లేకపోతే తొలగింపు జరగదు, "ఇది ఈలోపు మారింది, ఒకసారి చూడండి" అని చెబుతుంది. ఆదేశం నడిచాక ఎన్ని వరుసలు మారాయో చూస్తాను. ఒకటి అయితే కమిట్ (మార్పును ఖాయం చేయడం), సున్నా అయితే ఆ కారణం చెప్పాలి, ఒకటి కన్నా ఎక్కువైతే రోల్‌బ్యాక్ (మార్పును రద్దు చేయడం). చేత్తో డేటాబేస్‌లోకి దిగి పనిచేసేటప్పుడు కూడా ఇదే పద్ధతి. ముందు ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి ఖాయమయ్యే లేదా రద్దయ్యే మార్పుల కట్ట) తెరవడం, ఏ వరుసలో చెప్పే అదే వేర్ షరతుతో సెలెక్ట్ చేసి ఎన్ని వస్తాయో చూడటం, ఆ తర్వాతే డిలీట్.

ఇప్పుడు రెండో సగం. దీని మీదే నాకూ నాతో పనిచేసేవాళ్లకూ గట్టి వాదన జరిగింది. "గుర్తు పెట్టి దాచేశాం కదా, స్టోరేజ్ చవకే కదా, ఎందుకు చెరిపేయడం? ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నాడు ఒక మిత్రుడు. అతని భయం నాకు అర్థమవుతుంది. ఆ రాత్రి మూడింటిదాకా కూర్చున్నవాణ్ని నేను. కానీ ఆ కాగితం మీద నాలుగో కారణం నాకు గుర్తుంది: "తన వివరాలు మన దగ్గర ఉండొద్దన్నారు". ఆ మనిషికి మనం "తొలగించాం" అని జవాబిచ్చి, ఫోన్ నంబరును ఒక కాలమ్ వెనక దాచి ఉంచితే అది అబద్ధం. రేపు డేటాబేస్ ఎవరి చేతిలోనైనా పడితే మన గుర్తును వాళ్లు గౌరవిస్తారా? అన్ని వరుసలూ ఒకేలా కనిపిస్తాయి. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్‌లోని 17వ అధికరణం వ్యక్తికి తన వివరాలు చెరిపించుకునే హక్కు ఇస్తుంది. అందులో మినహాయింపులున్నాయి, చట్టం ప్రకారం ఉంచాల్సినవి ఉంచుకోవచ్చు. కానీ "ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నది మినహాయింపు కాదు. చట్టం లేని చోట కూడా నా మాట ఇదే. మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలు అవి, తీసేయమంటే తీసేయాలి.

అందుకే రాత్రిపూట ఒక పని నడుస్తుంది. గడువు తీరిన వరుసల్ని వెయ్యి చొప్పున తీసుకుని చెరిపేస్తుంది. ఒకేసారి లక్ష తీసేస్తే లాకులు పట్టుకుని మిగతా అందరినీ ఆపేస్తుంది. మొదటిసారి నడిపినప్పుడు వెయ్యికి కూడా అది నత్తనడక నడిచింది. కారణం వెతికితే, పోస్ట్‌గ్రెస్ ఫారిన్ కీ కాలమ్ మీద ఇండెక్స్‌ను తనంతట తాను పెట్టదు. పైనున్న ఒక్కో వరుస తీసేసేటప్పుడు కింద టేబుల్ మొత్తం వెతుకుతోంది. ఇండెక్స్ పెట్టాక నిమిషంలో అయిపోయింది. ఫైళ్ల విషయంలో నేను నేర్చుకున్నది: డేటాబేస్ కమిట్ అయ్యాకే ఫైలు చెరపాలి. ముందే ఫైలు చెరిపేసి తర్వాత ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే రికార్డు ఉంటుంది, కాగితం ఉండదు. అందుకని చెరపాల్సిన ఫైళ్ల పేర్లు అదే ట్రాన్సాక్షన్‌లో ఒక టేబుల్‌లో రాసుకుని, తర్వాత ఇంకో పని వాటిని తీరిగ్గా తీసేస్తుంది. సెర్చ్ ఇండెక్స్‌కూ ఇదే దారి. పేరు అన్నిచోట్లా పోయి సెర్చ్ బాక్స్‌లో మాత్రం కనిపించడం నేను చూశాను.

పాత ఐడీ మళ్లీ ఇంకొకరికి వెళ్లకుండా కూడా చూసుకోవాలి. మైఎస్‌క్యూఎల్ 8.0కు ముందు వెర్షన్లలో, చివరి వరుసలు తీసేసి సర్వర్ రీస్టార్ట్ చేస్తే ఆ నంబర్లు తిరిగి వాడుకలోకి వచ్చేవి. ఎస్‌క్యూలైట్‌లో ఆటోఇంక్రిమెంట్ అని ప్రత్యేకంగా రాయకపోతే ఇప్పటికీ రావొచ్చు. అప్పుడు పాత ఈమెయిల్‌లోని లింకు వేరే మనిషి వివరాలు తెరుస్తుంది.

చివరికి అంతా బ్యాకప్ దగ్గరికే వస్తుంది. 2017 జనవరి 31న, గిట్‌హబ్ లాంటి సేవే అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు రెండో సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీద డేటాబేస్ ఫోల్డర్ తీసేశారు. సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. రోజూ జరుగుతున్నాయనుకున్న బ్యాకప్‌లు చూస్తే ఖాళీ. 9.6 వెర్షన్ డేటాబేస్‌ను 9.2 వెర్షన్ ప్రోగ్రాముతో తీయబోయి ప్రతిసారీ విఫలమవుతూ వచ్చాయి, ఆ హెచ్చరిక ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డేటాకు నకలు) ఉంది. ఆ ఆరు గంటల డేటా పోయింది. జరిగిందంతా వాళ్లు దాచకుండా బయటపెట్టారు, అది చదివాకే నేను నా బ్యాకప్‌లను మొదటిసారి తెరిచి చూశాను. ఆ మాట చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది.

బ్యాకప్ మంచిదైతే ఇంకో చిక్కు. నిన్న చెరిపేసిన మనిషి మొన్నటి బ్యాకప్‌లో ఉంటారు. దాన్ని రీస్టోర్ చేస్తే ఆయన వివరాలు తిరిగొస్తాయి. అందుకే చెరిపేసిన ఐడీల జాబితా ఒకటి, పేర్లు లేకుండా నంబర్లు మాత్రమే, అసలు డేటాబేస్‌కు బయట ఉంచుతున్నాను. రీస్టోర్ అయ్యాక ఎవరికీ తెరవకముందే ఆ జాబితా నడవాలి. బ్యాకప్‌లు కూడా 35 రోజులు దాటితే పోతాయి.

మూడు నెలలకోసారి వేరే మెషీన్ మీద ఇదంతా నడిపి చూస్తున్నాం. కిందటిసారి ఆవిడ కూడా వచ్చి నా పక్కన కూర్చున్నారు. ముందు తన వివరాలు వద్దన్న ఆ మనిషి పేరు వెతికారు, రాలేదు. తర్వాత ఆ ఆరేళ్ల సభ్యుడి మొట్టమొదటి రసీదు నంబరు చూసుకోకుండానే టైప్ చేశారు. అది ఆవిడకు ఇంకా గుర్తుంది. రసీదు తెర మీదకు వచ్చింది, దాని కింద స్కాన్ కాపీల చోట నాలుగింటికి మూడే ఉన్నాయి.